షెట్లాండ్ తీరంలో నీటికుక్కల ఫొటోలు: టైడ్, గాలి, లెన్స్, దూరం, తెలిసినవాళ్లు చెప్పండి

లెన్సు_పిచ్చి (మాంచెస్టర్)
అందరికీ నమస్తే. అక్టోబర్ మూడో వారంలో మా ఆవిడా నేనూ షెట్లాండ్ వెళ్తున్నాం, స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న దీవులు. అబర్డీన్ నుంచి రాత్రి ఫెర్రీ బుక్ చేసేశాం, కారు కూడా ఎక్కిస్తున్నాం, యెల్ దీవిలో సముద్రం పక్కనే చిన్న ఇల్లు అద్దెకి దొరికింది. వెళ్లేది ఒక్కదాని కోసమే, నీటికుక్క. ఇక్కడ ఇంగ్లాండ్‌లో నదుల దగ్గర ఉన్నాయని తెలుసు గానీ అవి ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతాయి, ఫొటోకి వెలుతురే ఉండదు, షెట్లాండ్‌లో అయితే పట్టపగలే తిరుగుతాయని విన్నాను. నా దగ్గర 150-600 జూమ్ ఉంది, క్రాప్ సెన్సర్ బాడీ. ఏ టైమ్‌లో వెళ్లాలి, ఎంత దగ్గరికి వెళ్లొచ్చు, ట్రైపాడ్ మోసుకెళ్లాలా? ఇంకోటి, అవి ఉండే బొరియ, హోల్ట్ అంటారు కదా, అది కనిపెట్టి ఎదురుగా కూర్చుంటే పని తొందరగా అవుతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. అలా చెయ్యొచ్చా?

ఉప్పుగాలి (అబర్డీన్)
ముందు ఆ చివరి ప్రశ్నకే చెప్తాను బ్రదర్, మిగతావన్నీ తర్వాత. హోల్ట్ దగ్గర కూర్చోవడం వద్దే వద్దు. స్కాట్లాండ్‌లో నీటికుక్కకి చట్టంలో చాలా గట్టి రక్షణ ఉంది, కావాలని గానీ నిర్లక్ష్యంగా గానీ దాన్ని ఇబ్బంది పెడితే నేరం, హోల్ట్ దగ్గర దానికి ఇబ్బంది కలిగేలా ఫొటోలు తీయాలంటే నేచర్‌స్కాట్, అంటే అక్కడి ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ, దగ్గర లైసెన్స్ ఉండాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీరు వెళ్లే అక్టోబర్‌లో లోపల పిల్లలు ఉండొచ్చు. షెట్లాండ్‌లో పిల్లలు ఎక్కువగా వేసవిలో పుడతాయి, తల్లితో దాదాపు ఏడాది దాకా తిరుగుతాయి. మనం ఎదురుగా కూర్చుంటే తల్లి లోపలికి వెళ్లదు, లోపలున్నవి బయటికి రావు, మనకి మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఇక టైమ్. పొద్దున సాయంత్రం అనే లెక్క అక్కడ అంతగా పనిచేయదు, టైడ్ టేబుల్, అంటే సముద్రం పోటు ఆటు టైమ్‌ల పట్టిక, చూసుకోవాలి. అవి వేటాడేది కెల్ప్ అడవిలో, ఆ పెద్ద గోధుమరంగు సముద్రపు నాచు ఉంటుంది చూడండి, అందులో. నీళ్లు తగ్గినప్పుడు కెల్ప్ దాకా లోతు తగ్గుతుంది, డైవ్‌కి పెట్టే శ్రమ తగ్గుతుంది, చేప దొరికే ఛాన్స్ పెరుగుతుంది. 1980ల్లో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త షెట్లాండ్‌లోనే ఏళ్ల తరబడి వీటిని గమనించి రాసిన విషయాల్లో ఇదొకటి. కాబట్టి లో టైడ్‌కి రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా తీరం మీద ఉండేట్టు ప్లాన్ చేసుకోండి, అది పొద్దున పదకొండైనా మధ్యాహ్నం మూడైనా సరే.

తెల్లారి_ఐదింటికి (గ్లాస్గో)
ఉప్పుగాలి గారు చెప్పినదానితో హోల్ట్ విషయంలో నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా, టైడ్ విషయంలో మాత్రం కొంచెం తేడా ఉంది. నేను ఎక్కువగా తిరిగేది స్కాట్లాండ్ పడమటి తీరంలో ఐల్ ఆఫ్ మల్ అనే దీవిలో, లోక్ నా కీల్, లోక్ స్క్రిడాన్ అనే సముద్రపు పాయల వైపు. అక్కడ నాకు బాగా కలిసొచ్చింది నీళ్లు పెరుగుతున్న టైమ్, ఎందుకంటే లో టైడ్‌లో ఒడ్డు చాలా దూరం వెనక్కి పోతుంది, జంతువు ఎక్కడో చివర్న చిన్న చుక్కలా ఉంటుంది, మనకీ దానికీ మధ్య అంతా జారుడు బండలు. నీళ్లు పెరిగేకొద్దీ అది మెల్లగా ఒడ్డుకి దగ్గరగా వస్తుంది, మనం ముందే వెళ్లి కదలకుండా పడుకుంటే అదే మన దగ్గరికి వస్తుంది. కొత్తవాళ్లకి నేనైతే ముందు మల్ వెళ్లమంటాను, ఓబన్ నుంచి ఫెర్రీ గంట కూడా పట్టదు, రోడ్డు సముద్రం అంచునే పోతుంది, కార్లోంచే వెతకొచ్చు.

ఉప్పుగాలి (అబర్డీన్)
మల్‌కి మీరు చెప్పింది కరెక్టే తెల్లారి గారు, కానీ రెండు చోట్లా టైడ్ ఒకటి కాదు. ఓబన్ వైపు పెద్ద టైడ్ రోజుల్లో నీటిమట్టం మూడు మీటర్లకి పైనే ఎక్కి దిగుతుంది. షెట్లాండ్ పెద్ద ఊరు లెర్విక్ దగ్గర రెండు మీటర్లు కూడా ఉండదు. అందుకే షెట్లాండ్‌లో లో టైడ్ అయినా ఒడ్డు అంత దూరం పోదు, వోలు అంటారు అక్కడ, లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలు, వాటిలో అయితే జంతువు మనకి దగ్గర్లోనే ఉంటుంది. యెల్‌లో ఉంటున్నారు కాబట్టి లెన్సు గారికి లో టైడే మంచిదని నా మాట.

వాన_వెలిసాక (ఎడిన్‌బరా)
టైడ్ కంటే ముందు గాలి చూసుకోండి, ఇది ఎవరూ చెప్పలేదు ఇంకా. నీటికుక్క చూపు దూరానికి అంత గొప్పది కాదు, కదలకుండా ఉన్న మనిషిని బండ అనుకుని పక్కనుంచే వెళ్లిపోవచ్చు, కానీ వాసన మాత్రం చాలా దూరం నుంచే పట్టేస్తుంది. గాలి ఎప్పుడూ దాని వైపు నుంచి మీ మొహం మీదికి రావాలి. షెట్లాండ్‌లో గాలి లేని రోజు ఎలాగూ ఉండదు కాబట్టి పొద్దున్నే ఫోర్‌కాస్ట్ చూసి, ఇవాళ నైరుతి గాలి అయితే ఏ వో ఏ ఒడ్డు నడవాలి అని మ్యాప్ మీద ముందే అనుకుని బయల్దేరాలి. నేనైతే టైడ్ బాగుండి గాలి తప్పుగా ఉంటే ఆ ఒడ్డు వదిలేసి వేరే ఒడ్డుకి పోతాను.

దగ్గరికి వెళ్లే పద్ధతి ఇది. అది వేటలో ఉన్నప్పుడు తోక పైకి లేచి మునుగుతుంది, నీటి కింద 20-30 సెకన్లు ఉంటుంది, పైకొచ్చి నములుతుంది, మళ్లీ మునుగుతుంది. అది మునిగినప్పుడే మీరు కదలాలి. మనసులో లెక్కపెట్టుకుంటూ 12, 13 దాకా నడిచి అక్కడే ఆగిపోవాలి, ఒంగి ఉంటే ఒంగే, కూర్చుంటే కూర్చునే. తల పైకొచ్చే టైమ్‌కి మీరు కదులుతూ కనిపించకూడదు. గట్టు మీద ఆకాశానికి అడ్డంగా అసలు నిలబడొద్దు, ఎప్పుడూ మీ వెనక కొండో బండో ఉండేట్టు చూసుకోండి. సరసరా చప్పుడు చేసే రెయిన్ జాకెట్ అయితే దాని మీద ఒక పాత ఫ్లీస్ వేసుకోండి అక్కా, బావగారికి కూడా చెప్పండి.

లెన్సు_పిచ్చి (మాంచెస్టర్)
వాన గారూ నేనే బావగారిని 🙂 మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది, ఫ్లీస్ విషయం నోట్ చేసుకుంది. ఇంకో డౌట్, సీల్‌కీ దీనికీ దూరం నుంచి తేడా ఎలా తెలుస్తుంది? అక్కడ సీల్స్ కూడా చాలా ఉంటాయి కదా.

వాన_వెలిసాక (ఎడిన్‌బరా)
అయ్యో సారీ అన్నా. సీల్ తల గుండ్రంగా నిటారుగా పైకి లేచి ఉంటుంది, మిమ్మల్నే చూస్తూ ఉంటుంది, మునిగేటప్పుడు ఉన్నచోటే నిలువుగా కిందికి దిగిపోతుంది. నీటికుక్క నీళ్లకి సమాంతరంగా ఉంటుంది, చదునైన తల, వెనక వీపు కొంచెం, ఆ వెనక తోక, మునిగేటప్పుడు ముందుకి దొర్లి తోక చివర పైకి లేస్తుంది. నీళ్లు నిశ్చలంగా ఉన్న రోజు అయితే మునిగిన చోట బుడగలు వరసగా పైకొస్తుంటాయి, బొచ్చులో చిక్కుకున్న గాలి అది. పక్షుల్ని కూడా చూడండి, పెద్ద నల్లవీపు గల్ ఒకటి నీళ్ల మీద కూర్చుని ఒకే చోటిని చూస్తూ జరుగుతోందంటే కింద నీటికుక్క ఉండొచ్చు, అది చేప తెస్తే లాక్కుందామని దీని ఆశ.

ఎఫ్_ఎనిమిది (హైదరాబాద్)
నేను షెట్లాండ్ చూడలేదు, కబినిలో, కార్బెట్‌లో మన నీటికుక్కల్ని తీశాను, కెమెరా సంగతి అయితే ఎక్కడైనా ఒకటే కాబట్టి చెప్తున్నా. తడిసిన నీటికుక్క దాదాపు నల్లగా ఉంటుంది. అది మెరిసే నీళ్లలో ఉంటే కెమెరా లైట్ మీటర్ నీళ్లని చూసి మోసపోయి జంతువుని ఇంకా నల్లగా చేసేస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 దాకా ఇవ్వండి. అదే అది నాచు మీద కూర్చుని ఫ్రేమ్ అంతా ముదురుగా ఉంటే రివర్స్, -0.7 పెట్టకపోతే మీసాల మీద నీటిచుక్కలు తెల్లగా కాలిపోతాయి. షట్టర్ స్పీడ్ తింటున్నప్పుడు 1/500 చాలు, ఒళ్లు విదిలించేటప్పుడు 1/2000 ఉండాలి, ఐఎస్ఓ ఆటోలో వదిలేసి 6400 దాకా వెళ్లనివ్వండి, నాయిస్ తర్వాత చూసుకోవచ్చు, షేక్ అయితే మాత్రం ఏం చేయలేం. సైలెంట్ షట్టర్ ఉంటే ఆన్ చేసి పెట్టండి. ట్రైపాడ్ వద్దు, బీన్ బ్యాగ్ తీసుకెళ్లి అక్కడికి వెళ్లాక బియ్యం నింపుకోండి, బండ మీద పెట్టి పడుకుంటే లెన్స్ నీటిమట్టానికి దగ్గరగా వస్తుంది, కంటి లెవెల్ దొరుకుతుంది.

ఇంకోటి, క్రాప్ బాడీ మీద 600 అంటే 900 ఎంఎం దాకా వస్తుంది, ఫ్రేమ్ నిండా మొహం వచ్చేదాకా ఓపిక పట్టండి. చిన్నగా దూరంగా తీసిన ఫొటో ఎవరూ చూడరు, నా అనుభవం ఇది.

వాన_వెలిసాక (ఎడిన్‌బరా)
ఎఫ్_ఎనిమిది గారూ, ఎక్స్‌పోజర్ గురించి చెప్పినవన్నీ బంగారం, చివరి మాట మాత్రం నేను ఒప్పుకోలేను. మొహం నిండా ఫ్రేమ్ అయితే అది జూలో తీసినా అలాగే ఉంటుంది. షెట్లాండ్ దాకా వెళ్లేది ఆ తీరం కోసం కూడా కదా, ఎర్రటి గ్రానైట్ బండలు, లో టైడ్‌లో బయటపడి మెరిసే కెల్ప్, వెనక తెల్లగా విరిగే అల, అందులో ఒక మూల నీటికుక్క పాకుతూ ఉంటే అది ఆ చోటి ఫొటో, ఇంకెక్కడా రాదు. పైగా చిన్నగా తీద్దాం అనుకున్నవాడు దూరంగా ఉంటాడు, మొహమే కావాలి అనుకున్నవాడు ఇంకో పది అడుగులు, ఇంకో పది అడుగులు అంటూ ముందుకే పోతాడు. తొందరపడి దగ్గరికి పోయేవాళ్లని నేను చాలామందిని చూశాను, పాపం జంతువు సగం తిన్న చేప వదిలేసి వెళ్లిపోయింది.

ఎఫ్_ఎనిమిది (హైదరాబాద్)
దగ్గరికి పొమ్మని నేను అనలేదు అమ్మా, ఓపిక పట్టమన్నాను. ఒకేచోట కూర్చుంటే అదే వస్తుంది. కానీ మీరు చెప్పిన తీరం ఫొటో మాట కూడా నిజమే, ఒకదానికి 100-400 లాంటిది ఇంకో బాడీ మీద ఉంటే రెండూ అవుతాయి. దూరం ఎంత ఉండాలి అనేది మాత్రం అక్కడి వాళ్లే చెప్పాలి.

ఉప్పుగాలి (అబర్డీన్)
మీటర్లలో చెప్పలేం సార్, దాని ప్రవర్తనే కొలత. తింటూ తింటూ నమలడం ఆపి తల ఎత్తిందంటే మీరు ఉన్నట్టు అనుమానం వచ్చింది. ముక్కు పైకెత్తి గాలి పీలుస్తుంటే వాసన కోసం వెతుకుతోంది, కొన్నిసార్లు హా అని గట్టిగా ఊపిరి వదుల్తుంది, అది హెచ్చరిక. తోక లేపకుండా చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయిందంటే ఇక ఆ రోజుకి దాన్ని వదిలేయండి, వెనకాల ఒడ్డమ్మట పరిగెత్తొద్దు. మంచి రోజు ఎలా ఉంటుందంటే అది వచ్చి, తిని, ఒళ్లు రుద్దుకుని, నాచు మీద చుట్టుకుని పడుకుని, లేచి వెళ్లిపోతుంది, మీరు వచ్చిన సంగతి దానికి తెలియదు. ఆ తర్వాత మీరు లేచి రావాలి. అది నిద్రపోతుంటే అక్కడినుంచి కదలడం కూడా కష్టమే, అది లేచేదాకా చలిలో పడుకుని ఉండాల్సి వస్తుంది, ఫ్లాస్కులో టీ అందుబాటులో పెట్టుకోండి.

దీనివెనక కారణం చెప్తా. సీల్‌కి, తిమింగలానికి ఉన్నట్టు దీనికి చర్మం కింద కొవ్వు పొర లేదు. చలి నుంచి కాపాడేది ఒక్క బొచ్చే, చదరపు సెంటీమీటరుకి పదుల వేల వెంట్రుకలు, వాటి మధ్య గాలి. ఉప్పు పేరుకుంటే వెంట్రుకలు అతుక్కుపోయి గాలి నిలవదు. అందుకే సముద్రంలో తిరిగే నీటికుక్కకి రోజూ మంచినీళ్లలో ఒళ్లు కడుక్కోవడం తప్పనిసరి. షెట్లాండ్‌లో ఇవి ఇన్ని ఉండటానికి ఆ పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల, ఒక పెద్ద కారణం, తవ్వితే మెత్తగా ఉంటుంది, లోపల వాననీళ్లు నిలుస్తాయి, హోల్ట్ లోపలే మంచినీటి గుంట ఉంటుంది. ఒడ్డున చిన్న వాగు సముద్రంలో కలిసే చోట, పచ్చగా ఎత్తుగా పెరిగిన గడ్డి దిబ్బ మీద చేపముళ్లతో నల్లటి రెట్ట కనిపిస్తే, స్ప్రెయింట్ అంటారు దాన్ని, అక్కడ నీటికుక్క తిరుగుతున్నట్టే. ఆ దిబ్బ మీద కూర్చోకుండా దూరంగా, గాలి చూసుకుని కూర్చోండి.

ఇంత ఖరీదైన ఒళ్లు నడపాలంటే రోజూ తన బరువులో దాదాపు ఏడో వంతు తినాలి. చలికాలం చివర, వసంతం మొదట్లో చేప తక్కువ, నీళ్లు చల్లన, అప్పుడే ఎక్కువ చచ్చిపోతాయి. మనవల్ల ఒక వేట పోయిందంటే ఏమవుతుంది అని కొందరు అంటారు, ఆ సీజన్లో ఒక్క వేట కూడా దానికి లెక్కే.

మడ_అడవి (కాకినాడ)
ఈ థ్రెడ్ చదువుతుంటే మా కోరింగ గుర్తొస్తోంది అండి. ఇక్కడ ఉండేది వేరే జాతి, స్మూత్ కోటెడ్, బొచ్చు పొట్టిగా నున్నగా ఉంటుంది, తోక కిందవైపు చదునుగా ఉంటుంది, సైజులో షెట్లాండ్ వాటికంటే పెద్దవి. పెద్ద తేడా ఏంటంటే ఇవి గుంపుగా వేటాడతాయి, చేపల్ని అన్నీ కలిసి తరుముతాయి, అరుపులు దూరానికే వినిపిస్తాయి. 1978 నుంచి అది అభయారణ్యం, మడ చెట్ల మధ్య పాయల్లో పోటు ఆటు చూసుకునే తిరగాలి, ఆటు టైమ్‌లో బురద గట్లు బయటపడతాయి, వాటి మీద పాదముద్రలు కనిపిస్తాయి. బోట్ ఇంజన్ ఆపేసి తెడ్డు మీద నెమ్మదిగా పోతే మంచిది.

ఇక్కడ జాలర్లతో గొడవ కూడా ఉంది, వలలో పడ్డ చేపల్ని తినేస్తాయి, వల చింపుతాయి, ఒక రోజు కూలి పోయినట్టే వాళ్లకి. అది తప్పని వాళ్లకి చెప్పేముందు మనం వాళ్లతో కూర్చుని మాట్లాడాలి, ఎక్కడ తిరుగుతాయో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చర్మం కోసం, పెంపుడు జంతువులుగా అమ్మడం కోసం పట్టుకుంటున్నారనే 2019లో ఈ జాతిని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలోకి మార్చారు. మీ షెట్లాండ్‌లో ఇలాంటి ప్రమాదాలు లేవా?

ఉప్పుగాలి (అబర్డీన్)
ఉన్నాయి మడ_అడవి గారు, వేరే రకం. అక్కడ సల్లమ్ వో అని పెద్ద ఆయిల్ టెర్మినల్ ఉంది. 1978 చివర్లో ఎస్సో బెర్నీషియా అనే ట్యాంకర్ జెట్టీకి గుద్దుకుని నూనె కారింది, బొచ్చుకి నూనె అంటుకుని, దాన్ని నాకి చాలా నీటికుక్కలు చచ్చిపోయాయి. 1993 జనవరిలో బ్రేయర్ అనే ట్యాంకర్ దక్షిణం కొసన బండలకెక్కింది, 84 వేల టన్నులకి పైగా ముడిచమురు పోయింది, అప్పుడు వీచిన భయంకరమైన తుఫాను గాలే నూనెని చెదరగొట్టడం వల్ల నష్టం భయపడినంత కాలేదు. ఇప్పుడు రోజువారీ ప్రమాదం అంటే కార్లు. రోడ్డు సముద్రానికీ మంచినీటి చెరువుకీ మధ్య పోతుంటే అవి దాటాల్సిందే కదా. చీకటి పడ్డాక మెల్లగా నడపండి లెన్సు గారూ.

లెన్సు_పిచ్చి (మాంచెస్టర్)
ఇన్ని విషయాలు ఒక్కచోట దొరకలేదు ఎక్కడా, అందరికీ చాలా థాంక్స్. నాకు ఇంకో మూడు అడగాలని ఉంది. డ్రోన్ తెచ్చుకోమంటారా? ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ రాయొచ్చా? మా ఆవిడ అడుగుతోంది, ఆ బండల మీద నడక ఎంత ప్రమాదం?

తెల్లారి_ఐదింటికి (గ్లాస్గో)
డ్రోన్ ఇంట్లో వదిలేయండి. దాని చప్పుడుకి నీటికుక్కే కాదు ఒడ్డున పడుకున్న సీల్స్ కూడా బెదిరి నీళ్లలో దూకేస్తాయి. లొకేషన్ గురించి, షెట్లాండ్ అని రాయండి చాలు, మహా అయితే యెల్ అని. ఫలానా వో, ఫలానా వాగు అని రాస్తే తర్వాతి వారం అక్కడ నలుగురు ఉంటారు, అందులో ఒకడు హోల్ట్ వెతుకుతాడు. ఫోన్‌తో తీసినవాటిలో జీపీఎస్ ఆఫ్ చేసి పెట్టండి, కెమెరా యాప్‌తో లింక్ చేసి ఉంటే అందులో కూడా.

నడక గురించి మీ ఆవిడగారు అడిగింది మంచి ప్రశ్న. తడి కెల్ప్ అంటే నాచు పట్టిన కోనేటి మెట్లు, అంతే. గమ్ బూట్లు వేసుకోండి, అడుగు బండ మీద వెయ్యండి గానీ నాచు మీద కాదు, కెమెరా భుజానికి వేలాడుతుంటే ఒంగినప్పుడు ముందుకి ఊగి బ్యాలెన్స్ పోతుంది, బ్యాగులో పెట్టుకుని నడవండి. ఇద్దరూ ఒకే ఒడ్డున ఉండండి, ఒకరు జారితే ఇంకొకరికి కనపడాలి. కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో ఇంటి ఓనర్‌కి చెప్పి వెళ్లండి. అక్టోబర్ మూడో వారానికి వెలుతురు రోజుకి పది గంటలకి అటూ ఇటూనే, లో టైడ్ సాయంత్రం పడితే తిరిగొచ్చేసరికి చీకటి అవుతుంది, హెడ్ టార్చ్ ఉండాలి.

స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం పొలాల గుండా నడవడానికి హక్కు ఉంది, కానీ గేట్ ఎలా ఉంటే అలాగే మూసి రావాలి, గొర్రెల్ని బెదరగొట్టకూడదు. గొర్రెలు పరిగెత్తితే ఒడ్డున ఉన్న నీటికుక్కకి కూడా ఎవరో వస్తున్నారని తెలిసిపోతుంది, అది కూడా ఆలోచించండి. సింగిల్ ట్రాక్ రోడ్డు మీద పాసింగ్ ప్లేస్‌లో కారు పెట్టి ఫొటోలు తీయొద్దు, అది ఎదురొచ్చే బండికి దారి, అంబులెన్స్ రావచ్చు, ఫెర్రీకి పోయేవాళ్లు రావచ్చు.

వాన_వెలిసాక (ఎడిన్‌బరా)
ఇంకొక్కటి చెప్పి ఆపుతా అన్నా. చిన్న చేప అయితే నీళ్ల మీదే వెల్లకిలా తేలుతూ, లేదా తల పైకెత్తి తినేస్తుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది. పెద్దది, లంప్‌సక్కర్ అనే చేపో పీతో ఆక్టోపస్సో దొరికితే ఒడ్డుకి తెస్తుంది. నోట్లో ఏదో పెద్దది పెట్టుకుని తల ఎత్తి నేరుగా ఈదుకుంటూ వస్తోందంటే ఎటు వస్తోందో గమనించి అప్పుడే, అది దగ్గర పడకముందే, పడుకోండి, తర్వాత వేలు తప్ప ఏమీ కదపొద్దు. బండ ఎక్కాక ముందు చేపని ముందరి పాదాలతో అదిమిపెట్టి తలవైపు నుంచి కొరుకుతుంది, కళ్లు సగం మూసుకుంటుంది, కొరికినప్పుడల్లా మీసాలు ముందుకి విచ్చుకుంటాయి, ముళ్లు పటపటా విరిగే చప్పుడు మీకు వినిపిస్తుంది. తల్లి అయితే తినకుండా పిల్లల దగ్గరికి తీసుకెళ్లి వదుల్తుంది, పిల్లలు సన్నగా ఈల వేసినట్టు అరుస్తుంటాయి. ఆ ఈల వినిపిస్తే అక్కడే ఆగండి, తల్లీ పిల్లల మధ్యలోకి మాత్రం వెళ్లొద్దు, వాటిని విడదీసే ఫొటో మనకి వద్దు.

ఎఫ్_ఎనిమిది (హైదరాబాద్)
ఉప్పు తుంపర గురించి కూడా రాయండి ఎవరైనా, లెన్స్ మీద పడ్డ ఉప్పునీళ్లని పొడిగుడ్డతో తుడిస్తే కోటింగ్ గీసుకుపోతుంది. ముందు మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ. బాడీని, మౌంట్ దగ్గర రబ్బర్‌ని కూడా రోజూ రాత్రి అలాగే తుడవాలి. బీన్ బ్యాగ్‌లో బియ్యం తడిస్తే మర్నాటికి వాసనొస్తుంది, లోపల ప్లాస్టిక్ కవర్ వేసి నింపుకోండి.

లెన్సు_పిచ్చి (మాంచెస్టర్)
అన్నీ ఒక పేపర్ మీద రాసుకున్నాం. ఆ వారం లెర్విక్ టైడ్ టేబుల్ తీశాను, మొదటి మూడు రోజులు లో టైడ్ మధ్యాహ్నం లోపే పడుతోంది. యెల్‌కి లెర్విక్‌కీ టైడ్ టైమ్‌లో తేడా ఉంటుందా?

ఉప్పుగాలి (అబర్డీన్)
ఉంటుంది, యెల్ సౌండ్ అనే జలసంధి వైపు ఒకలా, తూర్పు తీరం వైపు ఒకలా. లెర్విక్ టేబుల్‌నే నమ్ముకోకుండా మీరు ఉండే ఇంటికి దగ్గర పోర్ట్ పేరుతో చూడండి, యెల్‌లో అయితే మిడ్ యెల్ పేరుతో వెతకండి. టేబుల్ జీఎంటీలో ఉందా సమ్మర్ టైమ్‌లో ఉందా కూడా చూసుకోండి, జీఎంటీలో ఉంటే అక్టోబర్ చివరి ఆదివారం దాకా గంట కలపాలి.